శిక్ష ఖరారు రోజుకు ముద్దాయిని సిద్ధం చేయడం: నాటకం మానకుండా ఈ పని ఎలా చేయాలి?

నాటక పరిషత్తుల పోటీల్లో కలిసిన తోటి నటులు కొన్నేళ్లుగా నన్ను ఒకే మాట అడుగుతున్నారు. నాటకాలు వేసుకుంటూనే కోర్టులో ముద్దాయిలకు సాయపడడం ఎలా కుదురుతుందని వారి ప్రశ్న. ఈ మధ్య ఇద్దరు కుర్ర న్యాయవాదులు వచ్చి, తమ క్లయింటుకు కాస్త నటన నేర్పుతారా అని అడిగారు. మొదటి ప్రశ్నకు జవాబుగా ఈ వ్యాసం రాస్తున్నాను. రెండో ప్రశ్నకు నా జవాబు నేర్పననే. ఎందుకు నేర్పనో 7వ మెట్టు దగ్గర మీకే తెలుస్తుంది.

సెషన్స్ కోర్టులో తీర్పు రోజున ఏం జరుగుతుందో చూడనివారి కోసం ముందుగా కొద్దిగా చెబుతాను. నేరం రుజువైందని చెప్పిన తర్వాత జడ్జి గారు తల ఎత్తి, "శిక్ష విషయంలో ఏమైనా చెప్పుకుంటావా?" అని అడుగుతారు. బోనులోని మనిషి చేతులు జోడించి, "పిల్లలు చిన్నవాళ్లండి, ముసలి తల్లి ఉందండి, దయ చూపండి" అంటాడు. స్టెనో ఆ మాటలను ఒకటి రెండు వాక్యాల్లో టైపు చేస్తారు, అంతటితో అయిపోతుంది. క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 258(2) సెక్షన్ ప్రకారం శిక్ష గురించి ముద్దాయి మాట వినడం జడ్జి గారి విధి. మేజిస్ట్రేటు ముందు నడిచే వారంటు కేసులకు ఇదే నియమం 271(2)లో ఉంది. దీనికి ముందున్న పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ)లో ఇవే 235(2), 248(2). ఇది మొక్కుబడిగా ముగించే తంతు కాదనీ, శిక్షకు సంబంధించిన వివరాలనూ ఆధారాలనూ కోర్టు ముందు పెట్టుకునే అవకాశం ముద్దాయికి ఉండాలనీ సుప్రీంకోర్టు 1976లోనే శాంతా సింగ్ కేసులో చెప్పింది. ఆ అర నిమిషాన్ని కాగితాలతో, నిజాలతో నింపడమే మన పని.

కావలసినవి

ఒక న్యాయవాది అనుమతి గానీ, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఇచ్చిన గుర్తింపు కార్డు గానీ ఉండాలి. ఈ రెండూ లేకుండా మొదలుపెట్టకండి. ఒక నోటుబుక్కు, కాగితాలు పెట్టుకునే అట్ట ఫైలు, సెకన్లు చూపే గడియారం చాలు. రికార్డింగు కోసం ఫోను వాడకండి, జైలు లోపలికి దానిని ఎలాగూ తీసుకువెళ్లనివ్వరు. నెలలో కనీసం ఆరేడు పగళ్లు ఖాళీగా ఉండాలి. ఎదుటివారు మాట్లాడుతుంటే మధ్యలో అందుకోని అలవాటు వీటన్నిటికంటే ముఖ్యం. నటులకు ఇది కష్టమేనని నా అనుభవం.

మెట్లు

1. ఎవరి నీడన పనిచేస్తారో ముందు తేల్చుకోండి.

దారులు రెండున్నాయి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా చేరడం మొదటిది. ప్రకటన వచ్చినప్పుడు దరఖాస్తు చేస్తే, ఎంపికైనవారికి శిక్షణ ఇచ్చి కార్డు ఇస్తారు, పని అప్పగించిన రోజులకు కొద్దిపాటి గౌరవ వేతనం ఉంటుంది. క్రిమినల్ కేసులు చూసే ఒక న్యాయవాది దగ్గర సహాయకుడిగా చేరడం రెండోది. న్యాయవాదికీ కక్షిదారుకూ మధ్య జరిగిన మాటలకు భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ ఇచ్చే రక్షణ ఆ న్యాయవాది గుమాస్తాలకూ, ఉద్యోగులకూ, దుబాసీలకూ వర్తిస్తుంది. సొంతంగా వెళ్లి ముద్దాయితో మాట్లాడిన శ్రేయోభిలాషికి ఆ రక్షణ లేదు. ముద్దాయి మీతో ఏం చెప్పాడో చెప్పమని మిమ్మల్నే సాక్షిగా పిలిస్తే మీరు తప్పించుకోలేరు. అందుకే వాలంటీరుగా వెళ్లినా కేసు చూసే న్యాయవాదికి తెలియకుండా ముద్దాయితో కూర్చోకండి, కేసు సంగతులు మీరుగా అడగకండి.

హెచ్చరిక: "అప్పీలు వేస్తే గెలుస్తారా?" అని ఇంట్లోవారు తప్పకుండా అడుగుతారు. లాయరు గారినే అడగమని చెప్పండి. న్యాయవాది కానివారు కోర్టులో ప్రాక్టీసు చేస్తే న్యాయవాదుల చట్టం 45వ సెక్షన్ కింద ఆరు నెలల వరకూ జైలుశిక్ష పడవచ్చు.

2. ఈ కేసులో జడ్జి గారికి ఎంత వెసులుబాటు ఉందో తెలుసుకోండి.

న్యాయవాదిని నాలుగు సంగతులు అడగండి. ఈ సెక్షన్‌కు చట్టం కనీస శిక్ష పెట్టిందా? ప్రొబేషన్ వర్తిస్తుందా? ముద్దాయి వయసెంత? రిమాండులో ఎన్ని రోజులున్నాడు? పోక్సో చట్టం 6వ సెక్షన్ వంటి చోట కనీస శిక్షే ఇరవై ఏళ్లు కాబట్టి, ఎంత చక్కగా చెప్పుకున్నా దానికి దిగువకు రావడం ఉండదు, ఆ సంగతి ఇంటివారికి ముందే చెప్పాలి. మరణశిక్షకు గానీ యావజ్జీవానికి గానీ అవకాశం లేని నేరాల్లో 1958 నాటి ప్రొబేషన్ చట్టం 4వ సెక్షన్ కింద సత్ప్రవర్తన బాండు మీద విడిచిపెట్టే అధికారం కోర్టుకు ఉంది. ముద్దాయికి 21 ఏళ్లు నిండకపోతే, యావజ్జీవం పడే అవకాశం లేని నేరాల్లో 6వ సెక్షన్ ప్రకారం కోర్టు ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకుని, జైలు తప్పదనుకుంటే అందుకు కారణాలు రాయాలి. రిమాండులో గడిపిన రోజులను శిక్షలోంచి తీసివేయడం గురించి నాగరిక సురక్షా సంహిత 468వ సెక్షన్ చెబుతుంది. ఆ రోజులను లెక్కకట్టి కాగితం మీద పెట్టడం మీరు చేయగల పనే. ఈ లెక్కలో పొరపాట్లు నేను చాలాసార్లు చూశాను.

మరణశిక్షకు అవకాశమున్న కేసులో ఒంటరిగా చేయి పెట్టకండి. అటువంటి కేసుల్లో ముద్దాయి జీవిత నేపథ్యం, మానసిక స్థితి, జైలులో నడవడిక వంటి వివరాలను విచారణ కోర్టు దశలోనే తెప్పించుకోవాలని 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది మానసిక వైద్యులూ, శిక్షణ పొందిన పరిశోధకులూ కలిసి చేయవలసిన పని.

3. తీర్పు కోసం ఎదురుచూడకుండా, వాదనలు ముగిసిన రోజునే మొదలుపెట్టండి.

వాదనలు ముగిసిన ముప్ఫై రోజుల్లో, కారణాలు రాస్తే నలభై అయిదు రోజుల్లో, సెషన్స్ కోర్టు తీర్పు ఇవ్వాలని 258(1) చెబుతోంది. మీకున్న గడువు అదే. దోషి అని తేలాక మొదలుపెడితే మధ్యాహ్న భోజన విరామం తప్ప మరేమీ మిగలకపోవచ్చు. శిక్ష ఖరారును మామూలుగా మరో రోజుకు వాయిదా వేయడం మంచిదని 1989లో అల్లావుద్దీన్ మియాన్ కేసులో సుప్రీంకోర్టు అన్నది కనుక, వాయిదా అడగమని న్యాయవాదికి గుర్తుచేయండి. ఇస్తారని మాత్రం నమ్మకం పెట్టుకోకండి.

ఇక్కడొక చిక్కుంది. తీర్పు రాకముందే శిక్ష గురించి మాట్లాడితే, కేసు పోయిందని ముద్దాయి గుండె జారిపోతుంది. "వాన వస్తుందో రాదో తెలియదు, గొడుగు మాత్రం సిద్ధంగా పెట్టుకుందాం" అని నేను చెబుతాను. ఆ మాట మొదట న్యాయవాది నోటినుంచి రావడం ఇంకా మంచిది.

4. మూడుసార్లు కూర్చోండి, మొదటిసారి ఏమీ రాసుకోకండి.

పాత్ర చేతికి వచ్చినప్పుడు మనం వేసుకునే ప్రశ్నలు మీకు తెలుసు. ఇతడు పొద్దున్నే ఏం చేస్తాడు, ఎవరికి భయపడతాడు, జేబులో ఏముంటుంది? ఈ పనిలో మన వృత్తి నిజంగా అక్కరకు వచ్చేది ఇక్కడే. "నీ కష్టాలు చెప్పు" అని అడిగితే ఎవరైనా విన్న మాటలే తిరిగి చెబుతారు.

కొట్లాట కేసులో ఏడు నెలలుగా రిమాండులో ఉన్న ఒక తాపీమేస్త్రీతో కూర్చున్నాను. అరగంట గడిచినా "నేనేం చెప్పుకుంటానండి, అయ్యగారి దయ" అన్న మాట దాటి అతడు ముందుకు రాలేదు. సున్నం తిని పగిలిన వేళ్లను ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ నేల చూస్తున్నాడు. "మీ ఇంట్లో పొద్దున్నే మొదట ఎవరు లేస్తారు?" అని అడిగాను. "నేనేనండి. మా నాయనకు చూపు లేదు. లేపి, మొహం కడిగించి, టీ గ్లాసు చేతికిచ్చి, గ్లాసు ఎక్కడ పెట్టాలో చేత్తో చూపించి పనికి పోతాను" అన్నాడు. గ్లాసు ఎక్కడ పెట్టాలో చూపించే ఆ కుడిచేయి గాలిలో అలాగే కాసేపు ఆగింది. ఇప్పుడు ఎవరు చూపిస్తున్నారని అడిగితే, పక్కింటి ఆవిడ అన్నాడు. తండ్రికి సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) ఉందని, కొడుకు జైలుకు వెళ్లాక పింఛను తెచ్చిపెట్టేవారు లేక ఆ ముసలాయన రెండు నెలలు డబ్బు తీసుకోలేదని ఆ తర్వాత తెలిసింది. ఇవేవీ కేసు ఫైలులో లేవు, అతడు చెప్పుకోదగ్గ సంగతులని కూడా అనుకోలేదు.

హెచ్చరిక: నేరం జరిగిన రోజు గురించి మీరు అడగకండి. అతడే చెప్పబోతే ఆపి, లాయరు గారికి చెప్పమనండి.

ప్రత్యామ్నాయం: ములాఖత్ గదిలో అందరూ ఒకేసారి అరుస్తూ మాట్లాడతారు, అక్కడ ఈ పని జరగదు. జైలులోని న్యాయసహాయ కేంద్రం రోజున సమయం అడగండి. అదీ కుదరకపోతే ముందు ఇంటికి వెళ్లి కుటుంబంతో కూర్చుని, ప్రశ్నలు పట్టుకుని తర్వాత జైలుకు వెళ్లండి.

5. ప్రతి మాటకూ ఒక కాగితం వెతకండి.

తండ్రికి చూపు లేదంటే సదరం సర్టిఫికెట్, తల్లికి డయాలసిస్ అంటే ఆసుపత్రి చీటీ, పిల్లలు బడికి వెళ్తున్నారంటే స్టడీ సర్టిఫికెట్, పని ఇస్తామన్న మేస్త్రీ ఉంటే అతడి అఫిడవిట్ కావాలి. రిమాండులో చదువుకున్నా, పని చేసినా, గొడవలకు పోకుండా ఉన్నా జైలు అధికారుల నుంచి నడవడిక నివేదిక తెప్పించమని న్యాయవాదిని కోరండి. కాగితం దొరకని మాటను, ఎంత కదిలించేదైనా, పక్కన పెట్టండి. ప్రభుత్వ న్యాయవాది (పీపీ) గారు ఒక్కటి అబద్ధమని చూపిస్తే మిగిలిన పదీ కొట్టుకుపోతాయి.

6. రెండు నిమిషాల మాట తయారుచేయండి, కానీ మీరు రాయకండి.

ముద్దాయి చెప్పిన వాక్యాలను అతడి యాసలోనే రాసుకుని, వరుస మాత్రం మీరు సరిచేయండి. ముందు మనిషి ఎవరో, తర్వాత అతడి మీద ఆధారపడినవారు, తర్వాత జైలులో గడిపిన కాలం, చివర బయటకు వస్తే మొదటి వారం ఏం చేస్తాడో రావాలి. ఈ చివరి భాగాన్ని అందరూ మరచిపోతారు. "మంచిగా బతుకుతాను" అంటే కోర్టుకు అందేదేమీ లేదు. "ఫలానా మేస్త్రీ దగ్గర సోమవారం నుంచి పనికి వెళ్తాను, ఆయన అఫిడవిట్ ఇచ్చారు" అంటే జడ్జి గారు రాసుకోవడానికి ఒక వాక్యం దొరుకుతుంది.

ఈ మెట్టులో అతి పెద్ద ప్రమాదం పశ్చాత్తాపం. మన దగ్గర విచారణ పూర్తిగా నడిచి దోషిగా తేలినవారిలో చాలామంది అప్పీలుకు వెళ్తారు. "తప్పు చేశానయ్యా, క్షమించండి" అని బోనులో అన్న మాట తీర్పులో నమోదైతే, పైకోర్టులో ఆ న్యాయవాది దానికి సమాధానం వెతుక్కోవాలి. "ఆ కుటుంబానికి జరిగిన నష్టం నాకు తెలుసు, అది నన్ను వదలడం లేదు" అనడానికీ, "నేనే పొడిచాను" అనడానికీ మధ్య ఉన్న దూరం మీకు తెలిసినంతగా భయపడిన మనిషికి తెలియదు. ప్రతి వాక్యాన్నీ న్యాయవాది చదివి సరేనన్నాకే మాట ఖాయం చేయండి. అమెరికాలో ఉన్న తెలుగు నాటక మిత్రులు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. అక్కడి ఫెడరల్ కోర్టుల్లో ఎక్కువమంది ముందే నేరం ఒప్పుకుంటారు కాబట్టి, బాధ్యత తీసుకుంటున్నానని స్పష్టంగా చెప్పడం వారికి మేలు చేస్తుంది. అక్కడి పద్ధతి ఇక్కడ, ఇక్కడిది అక్కడ పనికిరావు.

7. రిహార్సల్ చేయించండి, కానీ నటన నేర్పకండి.

నాలుగు అభినయాల్లో మనకు కావలసింది వాచికం, అంటే మాట పలికే తీరు, ఒక్కటే, అదీ వినపడేంత వరకే. బోనుకూ బెంచికీ మధ్య దూరం ఉంటుంది, పైన ఫ్యాను తిరుగుతుంటుంది, వెనక వరండాలో బంట్రోతు పేర్లు పిలుస్తుంటాడు. అంత చప్పుడులో వాక్యం చివరి క్రియ వినపడాలి. భయపడ్డ మనిషి క్రియను మింగేస్తాడు, అక్కడే "చూస్తున్నాను" అన్నది "చూశాను" అనిపించే ప్రమాదం ఉంది. ఊపిరి వాక్యానికి ముందు తీసుకోమనండి. జడ్జి గారు మధ్యలో ప్రశ్న వేస్తే ఆగి, దానికి మాత్రమే సమాధానం చెప్పి, మళ్లీ ఎక్కడ అందుకోవాలో రెండుసార్లు సాధన చేయించండి. జడ్జి గారి పాత్ర మీరు వేయండి, కోపంగానూ వేయండి, వినకుండా ఫైలు తిప్పుతూనూ వేయండి.

మూడుసార్లకు మించి చెప్పించకండి. మొదట్లో నేను ఒక కుర్రవాడికి పదిసార్లు చెప్పించాను, "మా అమ్మ" తర్వాత చిన్న విరామం కూడా పెట్టించాను. తీర్పు రోజున అతడు ఆ విరామం సరిగ్గా ఇచ్చాడు. జడ్జి గారు కళ్లద్దాలు తీసి, "ఎవరు నేర్పారు?" అన్నారు. కుర్రవాడు అమాయకంగా వెనక బెంచీలో ఉన్న నావైపు చూశాడు, కోర్టు హాలంతా చూసింది. అతడు చెప్పినవన్నీ నిజాలే, అయినా ఆ తర్వాత ఒక్క మాటకూ విలువ లేకుండా పోయింది. దర్శకుడిగా అంత చెడ్డ ప్రదర్శన నా జీవితంలో మరొకటి లేదు.

ప్రత్యామ్నాయం: మాట పెగలని వారుంటారు, నత్తి ఉన్నవారుంటారు. వారిచేత చెప్పించాలని పట్టుబట్టకండి. న్యాయవాది లిఖితపూర్వకంగా దాఖలు చేసి, ముద్దాయి చేత ఒక్క వాక్యం చెప్పిస్తే చాలు.

8. ఆ రోజు.

ఉతికిన మామూలు బట్టలు చాలు, కొత్తవి కొనవద్దని ఇంట్లోవారికి చెప్పండి. చంటిపిల్లలను ఎత్తుకొచ్చి హాలులో ఏడిపించవద్దని గట్టిగా చెప్పండి. కాగితాల మూడు సెట్లు న్యాయవాది చేతిలో ముందురోజే ఉండాలి: కోర్టుకొకటి, పీపీకొకటి, తమకొకటి. మీరు వెనక కూర్చోండి. బోను దగ్గరకు వెళ్లి ప్రాంప్టింగ్ చేయకండి. పెదవులు కదిపే అలవాటు మనకు ఉంటుంది, దానినీ అదుపులో పెట్టుకోండి.

నాటకానికీ కోర్టుకూ పొత్తు కుదర్చడం

కోర్టు పదిన్నరకు మొదలవుతుంది, మన రిహార్సళ్లు సాయంత్రం ఆరు దాటాక ఉంటాయి కాబట్టి కాగితం మీద రెండూ హాయిగా ఇమిడిపోతాయి. చిక్కు వాయిదాలతో వస్తుంది. తీర్పు తేదీ రెండుమూడుసార్లు జరిగి, సరిగ్గా పరిషత్తు పోటీకి మీ బృందం రైలెక్కే రోజున పడుతుంది. అందుకే ఒకేసారి రెండు కేసులకు మించి తీసుకోకండి. పోటీల కాలంలో కొత్త కేసు ఒప్పుకోకండి. మే నెలలో చాలా కోర్టులకు వేసవి సెలవులుంటాయి గనుక బయటి ఊళ్ల ప్రదర్శనలను అటు తోయండి. మీ బదులు కోర్టులో కూర్చోగల మరో వాలంటీరుకు మొదటి నుంచీ ఫైలు తెలిసి ఉండాలి. రాత్రి పద్యనాటకం వేసి పొద్దున్నే కోర్టుకు వెళ్తే చెవుల వెనక రంగు మిగిలిపోతుంది, కొబ్బరినూనెతో తుడిచి అద్దంలో చూసుకుని బయలుదేరండి. ఇది నవ్వులాటకు చెబుతున్నది కాదు, నాకు జరిగింది.

డబ్బు విషయంలో నా కట్టుబాట్లు రెండే. వాలంటీరుగా ఉన్నప్పుడు కుటుంబం దగ్గర టీ డబ్బులు కూడా తీసుకోను. ప్రైవేటు న్యాయవాది దగ్గర పనిచేస్తే రోజుకింత అని ముందే మాట్లాడుకుంటాను, శిక్ష తగ్గితే ఇంత అన్న లెక్క ఒప్పుకోను. ఈ పని మీద ఇల్లు గడవదు, నాటకం మీదా గడవదని మీకు తెలుసు కాబట్టి మూడో ఆదాయం ఏదో ఉన్నవారే దిగండి.

అక్కడ విన్న కథను వేదిక మీదకు తేకండి. పేర్లు మార్చినా తేకండి. గ్లాసు పెట్టే చోటు చూపిస్తూ గాలిలో ఆగిన ఆ చేయిని ఇక్కడ రాయడానికి ఆ మేస్త్రీ అనుమతి తీసుకున్నాను. వేదిక మీద వాడుకోవడానికి అడగలేదు, అడగను.

తరచుగా జరిగే పొరపాట్లు

సాక్షుల విచారణ ముగిశాక సంహిత 351వ సెక్షన్ కింద, అంటే పాత సీఆర్‌పీసీ 313 కింద, కోర్టు వేసే ప్రశ్నలనూ శిక్ష మీద వేసే ప్రశ్ననూ ముద్దాయి ఒకటే అనుకుంటాడు. అందుకే శిక్ష గురించి అడిగినప్పుడు "నాకేం తెలియదు, అబద్ధపు కేసు" అని పాత సమాధానమే చెప్పి కూర్చుంటాడు. రెండు సందర్భాలనూ వేరువేరుగా ఆడి చూపించండి. బాధితుల కుటుంబాన్ని తక్కువ చేసే మాట ఒక్కటి దొర్లినా పని చెడుతుంది, "వాళ్లే ముందు తిట్టారు" అన్న వాక్యాన్ని రిహార్సల్‌లోనే పట్టుకోవాలి. ప్రొబేషన్ అధికారి ఇంటికి వస్తారని చెప్పకపోవడం మరో పొరపాటు. తలుపు తట్టిన కొత్త మనిషిని పోలీసనుకుని ఇంట్లోవారు తాళం వేసుకుని వెళ్లిపోతే నివేదికలో ఆ సంగతే ఉంటుంది. కేసు ఫైలు చదివి, ఇతడు నేరం చేశాడా లేదా అని మీరే తీర్పు చెప్పుకోవడం చదువుకున్న నటులు ఎక్కువగా చేసే తప్పు.

పని సరిగా జరిగిందో లేదో చూడడం

శిక్ష ఎంత పడిందన్నది మీ పనికి కొలత కాదు, అందులో మీ చేతిలో లేనివే ఎక్కువ. ముందురోజు ఒక పరీక్ష చేయండి. కేసు తెలియని మిత్రుడి ముందు ముద్దాయి మాట చదివి వినిపించి, అయిదు నిమిషాల తర్వాత ఏం గుర్తుందో అడగండి. "పాపం, కష్టాల్లో ఉన్నాడు" అంటే మళ్లీ 4వ మెట్టుకు వెళ్లండి. "తండ్రికి చూపు లేదు, పింఛను ఆగింది" అంటే సరిపోయింది.

తీర్పు తర్వాత సర్టిఫైడ్ కాపీ తెప్పించుకుని, చివరి పేజీల్లో "శిక్షపై ముద్దాయిని ప్రశ్నించగా" అన్న అర్థంతో మొదలయ్యే పేరా వెతకండి. దయ చూపమని వేడుకున్నాడని మాత్రమే ఉంటే మీరు తెచ్చిన కాగితాలు రికార్డులోకి ఎక్కలేదన్నమాట. అప్పీలులో ఈ విషయం లేవనెత్తవచ్చేమో చూడమని ఆ రోజే న్యాయవాదికి చెప్పండి. మేస్త్రీ కేసులో ఆ పేరా పదకొండు పంక్తులుంది. సదరం సర్టిఫికెట్ నంబరుతో సహా ఉంది, పక్కింటి ఆవిడ అఫిడవిట్ ఉంది, రిమాండు రోజుల లెక్క ఉంది. అందులో ఒక రోజు తక్కువ పడితే, న్యాయవాది మెమో వేసి సరిచేయించారు.